ఎక్కువమంది ‘దించేయండి’ అన్నా సీటు పోని ఎంపీ

[తెరపై: ఓట్ల లెక్కింపు దృశ్యాలు]

2022 జనవరి 9. తైవాన్ రాజధాని తైపీలో ఒక ఎంపీని పదవిలోంచి దించాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. దించేయమన్నవాళ్ళు 54,813 మంది. వద్దన్నవాళ్ళు 43,340 మంది. అయినా ఆయన పదవి పోలేదు. అదెలాగో చెప్పే ముందు అసలు ఈ ఎంపీ ఎవరో చూద్దాం.

[తెరపై: కచేరీ ఫొటోలు]

పేరు ఫ్రెడీ లిమ్. 1995లో మొదలైన ‘థోనిక్’ అనే హెవీ మెటల్ బ్యాండ్‌కి గాయకుడు. గొంతు చించుకుని పాడతాడు, మధ్యలో ఎర్హూ అనే రెండు తీగల వాయిద్యం అందుకుంటాడు. పాటల్లో ఎక్కువగా వినిపించేది తైవాన్ చరిత్రే. 2010 నుంచి నాలుగేళ్ళు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తైవాన్ శాఖకి అధ్యక్షుడు కూడా.

2014లో చైనాతో సేవారంగ వాణిజ్య ఒప్పందాన్ని సరైన చర్చ లేకుండా ఆమోదించబోతున్నారంటూ విద్యార్థులు ఏకంగా పార్లమెంటు సభలోకే చొరబడి మూడు వారాలు పైగా బైఠాయించారు. అదే సన్‌ఫ్లవర్ ఉద్యమం. ఆ వేడిలోంచే 2015లో న్యూ పవర్ పార్టీ పుట్టింది. స్థాపకుల్లో లిమ్ ఒకరు. మరుసటి ఏడాది ఎన్నికల్లో పాత కాపు, అప్పటి అధికార పార్టీ కోమింటాంగ్ ఎంపీ లిన్ యు-ఫాంగ్‌ని ఓడించారు. నియోజకవర్గం కూడా చిన్నదేం కాదు: అధ్యక్ష భవనం, పార్లమెంటు, లాంగ్‌షాన్ గుడి అన్నీ అందులోవే.

గెలిచిన ఏడాదే ధర్మశాల వచ్చి దలైలామాని కలిశారు. బీజింగ్‌కి ఇది నచ్చదని తెలిసే వచ్చారనుకోవాలి. 2019లో స్వలింగ వివాహాల చట్టం వచ్చిన సభలోనూ ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో, అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్‌కి మద్దతిస్తానంటూ సొంత పార్టీని వదిలేశారు. 2020లో ఇండిపెండెంట్‌గా మళ్ళీ గెలిచారు.

[తెరపై: రెండు అంకెలు పక్కపక్కన: 54,813, 58,756]

ఇక రీకాల్ సంగతి, అంటే ఎంపీని మధ్యలో దించే ఓటింగ్ సంగతి. అమెరికా పందిమాంసం దిగుమతి విషయంలో ప్రభుత్వానికి వంత పాడారని, కోవిడ్ సమయంలో నియోజకవర్గాన్ని పట్టించుకోలేదని ప్రత్యర్థులు సంతకాలు సేకరించారు. మన దగ్గర ఎమ్మెల్యేనో ఎంపీనో మధ్యలో దించే హక్కు ఓటరుకి లేదు. తైవాన్‌లో ఉంది, కానీ రెండు షరతులు. దించాలన్న ఓట్లు వద్దన్న ఓట్లకంటే ఎక్కువుండాలి. పైగా అవి నియోజకవర్గం మొత్తం ఓటర్లలో నాలుగో వంతైనా ఉండాలి. ఇక్కడ ఆ నాలుగో వంతు 58,756. మొదటి షరతు నెగ్గింది. రెండోదానికి నాలుగు వేల లోపు ఓట్లు తక్కువపడ్డాయి.

అంటే లిమ్‌ని కాపాడింది ఆయనకి పడ్డ ఓట్లు కాదు, ఇంట్లో కూర్చున్న ఓటర్లు. నన్నడిగితే ఇది ఘనవిజయమేమీ కాదు. కానీ నాలుగో వంతు నిబంధన లేకపోతే, ఓడిన పార్టీ ప్రతిసారీ ఏదో ఒక సాకుతో ఎంపీని దించే ప్రయత్నమే చేస్తుంది.

2024 ఎన్నికల్లో లిమ్ పోటీ చెయ్యలేదు. ఆ సీటు డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ అభ్యర్థి వూ పేయి-యీ గెలుచుకున్నారు. 2025లో ప్రభుత్వం లిమ్‌ని ఫిన్లాండ్‌కి తైవాన్ ప్రతినిధిగా నియమించింది. మెటల్ సంగీతమంటే ప్రాణమిచ్చే దేశానికి మెటల్ గాయకుణ్ణే పంపారన్నమాట!