రోల్‌ప్లేయింగ్ సాహసాల్లో రెడ్ హెర్రింగ్: తప్పుదారిని ఎలా వేయాలి

[తెరపై: ఒక పాత చెక్క తలుపు. దాని ఇత్తడి పిడి సింహం తల ఆకారంలో ఉంది. సింహానికి ఒక కన్ను అరిగిపోయింది.]

కొన్నేళ్ల క్రితం నేను గేమ్ మాస్టర్‌గా, అంటే లోకాన్ని వర్ణిస్తూ ఆటను నడిపే వ్యక్తిగా ఉన్న ఒక ఆటలో ఈ తలుపును వర్ణించాను. ఆ ఇల్లు చాలా పాతదని తెలియజేయడం తప్ప ఆ వర్ణనకు వేరే ఉద్దేశం లేదు. అయినా నలుగురు ఆటగాళ్లు ఆ అరిగిన కన్ను దగ్గర గంటన్నర గడిపారు. దాన్ని నొక్కి చూశారు, తిప్పి చూశారు, అందులో నూనె పోశారు, చివరికి పిడిని ఊడదీసి సంచిలో వేసుకున్నారు. హంతకుడి పేరున్న ఉత్తరం ఆ తలుపుకు అవతల బల్ల మీదే ఉంది. ఆ రాత్రి దాన్ని ఎవరూ చదవలేదు.

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలకు కథ రాసేవారు రెడ్ హెర్రింగ్, అంటే దృష్టి మళ్లించే తప్పుడు ఆధారం, జోలికి వెళ్లే ముందు ఈ తలుపును గుర్తుపెట్టుకోవాలి. మనం కావాలని వేసే తప్పుదారుల కన్నా ఆటగాళ్లు తమంతట తాము వేసుకునే తప్పుదారులే ఎక్కువ.

[తెరపై: కుందేలు జాడ విడిచి పక్కకు మళ్లుతున్న వేటకుక్కలు.]

ఉప్పులో ఊరవేసి బాగా పొగబెట్టిన హెర్రింగ్ చేప ఎర్రబారి ఘాటైన వాసన వేస్తుంది. 1807లో ఇంగ్లండ్‌కు చెందిన పత్రికా రచయిత విలియం కాబెట్, తాను చిన్నప్పుడు అలాంటి చేపతో కుందేలు వెంటపడిన వేటకుక్కలను పక్కదారి పట్టించానని రాశాడు. నెపోలియన్ ఓడిపోయాడన్న తప్పుడు వార్త వెంటపడి స్వదేశంలోని ముఖ్యమైన విషయాలను వదిలేసిన పత్రికలను విమర్శించడానికి ఆయన ఆ కథను వాడుకున్నాడు. అసలు విషయం నుంచి దృష్టి మళ్లించేదానికి ఆ పేరు స్థిరపడటంలో ఆ రచనకు పెద్ద పాత్ర ఉంది.

అపరాధ పరిశోధన నవలలో తప్పుదారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రచయితే నిర్ణయిస్తాడు కాబట్టి, పాఠకుడు పేజీలు తిప్పుకుంటూ పోతే చాలు, ఆ అనుమానం దానంతటదే తీరిపోతుంది. ఆట బల్ల దగ్గర ఆ అదుపు రచయితకు ఉండదు. ఆటగాళ్లకు ఆ లోకం గేమ్ మాస్టర్ మాటల్లోనే కనిపిస్తుంది కాబట్టి, ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి వివరమూ ఆధారంలాగే వినిపిస్తుంది. పైగా మూడు నాలుగు గంటల సెషన్‌లో ఒక గంట వృథా అయితే దాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

అందుకే అసలు ఆధారాల సంగతి ముందు చూసుకోవాలి. ఆటగాళ్లు ఒక నిర్ధారణకు రావాలంటే దానికి కనీసం మూడు ఆధారాలు ఉండాలని ఈ ఆటల గురించి రాసే జస్టిన్ అలెగ్జాండర్ 2008లో ప్రతిపాదించాడు. ఒకటి వారి కంట పడకపోవచ్చు, ఒకదాన్ని పట్టించుకోకపోవచ్చు, మరొకదాన్ని తప్పుగా అర్థం చేసుకోవచ్చు. 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ క్థుల్హు’ వంటి ఆటల్లో చాలా ఆధారాలు పాచికల మీద ఆధారపడతాయి. పాచిక పడకపోతే పరిశోధన అక్కడే ఆగిపోవచ్చు. పరిశోధన ఆటల కోసం రాబిన్ లాస్ రూపొందించిన ‘గమ్‌షూ’ పద్ధతి 2007లో ఈ చిక్కును మరో రకంగా విప్పింది. తగిన నైపుణ్యం ఉన్న పాత్ర తగిన చోట వెతికితే, కీలకమైన ఆధారం పాచిక వేయకుండానే దొరుకుతుంది.

దీని నుంచి నేను నేర్చుకున్న నియమం ఒకటుంది: తప్పుడు ఆధారం అసలు ఆధారం కన్నా సులువుగా దొరకకూడదు. అసలుదానికి పాచిక వేయించి తప్పుడుదాన్ని ఊరికే చేతిలో పెడితే, ఒక్క పాచిక తప్పిన పాపానికి ఆ బృందం దగ్గర తప్పుదారి తప్ప మరేమీ మిగలదు.

[తెరపై: రేవు ఊరి పటం. కాలిన గిడ్డంగి, దానికి ఎదురుగా గుట్ట, గుట్ట మీద శ్మశానం.]

ఇప్పుడు ఒక తప్పుదారిని దగ్గరగా చూద్దాం. ఒక రేవు ఊళ్లో ధాన్యం గిడ్డంగి తగలబడింది. లెక్కల్లో తాను చేసిన మోసం బయటపడకుండా గుమాస్తాయే నిప్పు పెట్టాడు. అయితే ఆటగాళ్ల అనుమానం ముందుగా ఊరి వైద్యుడి మీదకు వెళ్తుంది. ఆ రాత్రి అతడు పార భుజాన వేసుకుని వెళ్లడం చూసినవారున్నారు, అతడి బూట్లకు బురద ఉంది, కుడిచేతి మీద కాలిన బొబ్బ ఉంది.

ఇవన్నీ నిజాలే. అంటురోగంతో చనిపోయిన తమ్ముడిని అధికారులకు తెలియకుండా అతడు ఆ రాత్రి గుట్ట మీద పూడ్చిపెట్టాడు. తమ్ముడి బట్టలు తగలబెడుతున్నప్పుడు చెయ్యి కాలింది. గుట్ట మీద నుంచి చూస్తే గిడ్డంగి వెనక తలుపు కనిపిస్తుంది కాబట్టి, మంటలు లేవకముందే ఒక మనిషి లెక్కల పుస్తకాలు చంకన పెట్టుకుని బయటికి రావడం కూడా అతడు చూశాడు. ఆ మాట చెబితే తాను అక్కడ ఎందుకున్నాడో చెప్పాల్సి వస్తుందని నోరు మెదపడం లేదు.

ఆటగాళ్లు ఈ దారిలో ఎంత దూరం వెళ్లినా ఉత్త చేతులతో తిరిగి రారు. కొత్త మట్టి తవ్వితే శవం కనిపిస్తుంది, వైద్యుడి మీది అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది, లెక్కల పుస్తకాల మాట చేతికి అందుతుంది. అన్నిటికన్నా నాకు విలువైనది ఆ తర్వాతి క్షణం: ఇతడి రహస్యాన్ని ఊరికి చెప్పాలా, కాపాడాలా అని ఆటగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునే క్షణం. తప్పుదారి మరొకరి అసలు కథ అయినప్పుడే ఇలాంటి సన్నివేశం పుడుతుంది.

ఈ పద్ధతికి మంత్రాల ముందు కూడా నిలిచే బలం ఉంది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో జోన్ ఆఫ్ ట్రూత్ అనే మంత్రానికి లోబడినవారు ఆ పరిధిలో తెలిసి తెలిసి అబద్ధం చెప్పలేరు. అబద్ధం మీద కట్టిన తప్పుదారి ఆ మంత్రంతో కూలిపోతుంది. మన వైద్యుడి మీద అదే మంత్రం వేస్తే, నిప్పు తాను పెట్టలేదని చెప్పి, ఎక్కడున్నావని అడిగినప్పుడు మౌనం వహిస్తాడు. ఆ మౌనమే ఆటగాళ్లను గుట్ట మీదికి నడిపిస్తుంది.

ఒక హద్దు మాత్రం నేను ఎన్నడూ దాటను. కథలోని పాత్రలు అబద్ధమాడవచ్చు, కానీ గేమ్ మాస్టర్ వర్ణన అబద్ధమాడకూడదు. గదిలో ఎవరూ లేరని నేను చెప్పాక మూలలో మనిషి బయటపడితే, ఆ తర్వాత నా ఏ మాటనూ ఆటగాళ్లు నమ్మరు, నమ్మకం పోయిన చోట పరిశోధనకు ఆధారమే ఉండదు.

[తెరపై: మళ్లీ అదే తలుపు. సింహం నోరు దగ్గరగా కనిపిస్తుంది.]

ఇక ఆటగాళ్లు సొంతంగా వేసుకున్న తప్పుదారి సంగతి. మనం రాసుకున్నదీ, ఇంకా వాళ్ల కంట పడనిదీ చోటు మారినా ఎవరికీ అన్యాయం జరగదు. బల్ల మీది ఉత్తరాన్ని వాళ్లు అప్పటికి చూడలేదు. ఈ రోజు అదే ఆట నడిపితే, పదో నిమిషంలో పిడి ఊడి వస్తుంది, బోలుగా ఉన్న సింహం తలలో మడిచి పెట్టిన ఆ ఉత్తరం వాళ్ల చేతిలో పడుతుంది.