వచ్చే ఏడాది హాస్టల్ గది: మీ వంతు రాకముందే చేయాల్సిన పని

(తెర మీద ఫోను. ఒక సందేశం తెరుచుకుంటుంది: "గది ఎంపికలో మీ వరుస సంఖ్య 213.")

ఈ సందేశం వచ్చిన సాయంత్రం హాస్టల్ వరండాలు చూడాలి. ఒకరు గంతులేస్తుంటారు. ఇంకొకరు ఫోను మంచం మీద పడేసి గోడకేసి చూస్తుంటారు. "నీదెంత? నీదెంత?" అన్న ప్రశ్న తప్ప మరో మాట వినపడదు. పరీక్షా ఫలితాలప్పుడు కూడా ఇంత హడావుడి ఉండదు.

ఇంతకీ 213 మంచి సంఖ్యేనా? ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. గదులు పంచే నియమం ఏమిటో తెలియాలి. ఇప్పుడు గదుల్లో ఉన్నవాళ్లు ఖాళీ చేస్తారో లేదో తెలియాలి. నలుగురు కలిసి వస్తే ఎవరి సంఖ్యను లెక్కలోకి తీసుకుంటారో తెలియాలి. చీటీలో వచ్చే అంకె మన చేతిలో లేదు, సరే. మిగిలినవన్నీ నోటీసులోనే రాసి ఉంటాయి. ఆ నోటీసు మాత్రం ఎవరూ చివరిదాకా చదవరు. ఈ రోజు మనం చదువుదాం.

(తెర మీద: 1 నుంచి మొదలయ్యే పొడవాటి వరుస, ఎదురుగా ఖాళీ గదుల పటం)

ఎక్కువగా కనిపించే పద్ధతి చాలా సులభం. కంప్యూటర్ చీటీలు వేసి అందరికీ వరుస సంఖ్యలు ఇస్తుంది. చాలా చోట్ల పై తరగతుల వాళ్లకు ముందు, కింది వాళ్లకు తరువాత విడివిడిగా వేస్తారు. ఒకటో సంఖ్య ఉన్నవారు నచ్చిన గది తీసుకుంటారు. రెండో వారు మిగిలిన వాటిలో నచ్చింది తీసుకుంటారు. అలా చివరిదాకా. అర్థశాస్త్రంలో దీనికి 'వరుస నియంతృత్వం' అని పేరు. పేరు వింటే భయమేస్తుంది గానీ అర్థం ఇంతే: మీ వంతు వచ్చిన ఆ రెండు నిమిషాలూ మీరే నియంత.

ఈ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. ఇందులో తెలివితేటలు ప్రదర్శించాల్సిన పని లేదు. కోరికల జాబితా ముందే రాసి ఇమ్మన్నారనుకోండి. మీ వంతు వచ్చేసరికి మిగిలిన గదుల్లో మీ జాబితాలో అన్నిటికన్నా పైనున్నదే మీకు వస్తుంది. కాబట్టి "ఆ గదికి పోటీ ఎక్కువ, ఎలాగూ రాదు, కిందకి దించుదాం" అనుకుంటే నష్టం మీకే. రాని గదిని మొదట రాసినంత మాత్రాన రెండో గది చేజారదు. మనసులో ఉన్న వరుసే కాగితం మీద పెట్టండి.

జాబితా ఎంత పొడుగు ఉండాలి? ఒక్కొక్కరూ ఒక్కో గది ఎంచుకునే చోట లెక్క తేలిక. మీ సంఖ్య 37 అయితే మీకన్నా ముందు పోయేవి 36 గదులే. మీ జాబితాలో 37 గదులుంటే వాటిలో ఒకటి మీకు ఖాయం. ఐదు గదులు రాసి దేవుడి మీద భారం వేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ఐదూ పోయాక పోర్టల్ తెరిచి, గుండె దడదడలాడుతుండగా, గడియారం చూసుకుంటూ ఏదో ఒక గది మీద వేలు పెట్టేస్తారు. ఆ తొందరలో ఎంచుకున్న గదిలో ఏడాదంతా ఉండాలి.

అయితే, ఇక్కడే ఒక మెలిక ఉంది. కొన్ని చోట్ల కోరికల జాబితాను రౌండ్ల వారీగా చూస్తారు. మొదటి రౌండులో అందరి మొదటి కోరికలే చూసి, ఒకే గదిని ఇద్దరు కోరితే సంఖ్య బట్టి ఒకరికి ఇస్తారు. తరువాతే రెండో కోరికల వంతు. ఇది మొదటి పద్ధతిలాగే కనిపిస్తుంది, కానీ స్వభావం పూర్తిగా వేరు. 20వ గదిని మొదట రాసి అది రాకపోతే, మీ రెండో కోరిక 12వ గది అప్పటికే వెళ్లిపోయి ఉండవచ్చు. అదీ మీకన్నా వెనక ఉన్న వారికి, కేవలం వారు దాన్ని మొదట రాశారు కనుక. ఇక్కడ మనసులో మాట రాస్తే దెబ్బ తినే ప్రమాదం ఉంది. పోటీ తక్కువ ఉండే మంచి గదిని మొదట రాయడమే ఇక్కడ లౌక్యం. నోటీసులో 'రౌండు' అన్న మాట కనబడితే ఆగి, ఆ పేరా మళ్లీ చదవండి. అర్థం కాకపోతే ఆఫీసుకు వెళ్లి అడగండి. అడిగితే చెబుతారు, కాకపోతే అడిగేవాళ్లే ఉండరు.

ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పోర్టల్ తెరిచే క్షణానికి మేలుకొని ఉండండి, ఇంటర్నెట్ బాగా వచ్చే చోట కూర్చోండి.

(తెర మీద: ముగ్గురు విద్యార్థినులు, నాలుగు గదులు. 12వ గది తలుపు మీద గీత పేరు.)

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఇప్పటికే గదిలో ఉన్నవాళ్ల సంగతేమిటి? చాలా చోట్ల వాళ్లకు ఒక హక్కు ఉంటుంది: కావాలంటే ఉన్న గదినే వచ్చే ఏడాదికీ ఉంచుకోవచ్చు. కానీ చీటీల్లోకి రావాలంటే ఆ గదిని ముందే వదులుకోవాలి. వినడానికి న్యాయంగానే ఉంది. ఏం జరుగుతుందో చూడండి.

గీత 12వ గదిలో ఉంటోంది. ఆమెకు ఇంకా నచ్చేది 20వ గది. 20, 30, 41 ఖాళీగా ఉన్నాయి. 41 ఎవరికీ ఇష్టం లేదు. గీత ఆలోచిస్తుంది: "చీటీల్లోకి వెళితే 20 రావచ్చు, 12 కన్నా నచ్చని 30 కూడా రావచ్చు. ఎందుకొచ్చిన గొడవ." ఉన్న గదిలోనే ఉండిపోతుంది. ఇక చీటీల్లో రాధకు ఒకటో సంఖ్య, లతకు రెండో సంఖ్య వచ్చాయి. రాధకు అన్నిటికన్నా ఇష్టమైనది 12, గీత గది. అది దొరకదు కనుక 20 తీసుకుంటుంది. లత 30 తీసుకుంటుంది.

ఇప్పుడు చూడండి. రాధ 20లో కూర్చుని 12 కోసం నిట్టూరుస్తోంది. గీత 12లో కూర్చుని 20 కోసం నిట్టూరుస్తోంది. ఇద్దరూ గదులు మార్చుకుంటే ఇద్దరికీ పండగే. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. నియమమే వాళ్లను అలా కూర్చోబెట్టింది.

దీనికి 1999లో అతీలా అబ్దుల్‌కాదిరోగ్లూ, తైఫున్ సోన్మెజ్ అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు ఒక చక్కటి మందు చెప్పారు. దాని పేరే దాని వివరణ: 'నా ఇల్లు అడిగితే, నీ వంతు నాది'. గీత గది వదులుకోకుండానే వరుసలోకి వస్తుంది. రాధ వంతు వచ్చింది, 12 అడిగింది. అది గీత గది. అందుకని గీతను తెచ్చి సరిగ్గా రాధ ముందు నిలబెడతారు. "నీకేం కావాలి?" గీత 20 అంటుంది, తీసుకుంటుంది. 12 ఖాళీ అయింది, రాధకు వెళ్లింది. లతకు ఎప్పటిలాగే 30. గీతకు 20 దొరకకపోయినా 12 ఎక్కడికీ పోదు. ఒకవేళ గీత అడిగిన గదిలో కూడా ఇంకెవరో ఉంటే, వాళ్లను గీత ముందుకు తెస్తారు. అలా అలా గొలుసు తిరిగి మొదటికే వస్తే, ఆ గొలుసులోని వాళ్లందరూ ఒకరి గది ఒకరు మార్చుకుంటారు.

యాన్ చెన్, సోన్మెజ్ కలిసి 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఇలాంటి మార్పిడి పద్ధతినీ, గది వదులుకుని రావాల్సిన పాత పద్ధతినీ పోల్చి చూశారు. నష్టపోయే భయం లేనప్పుడు గదిలో ఉన్నవాళ్లు ఎక్కువమంది ముందుకొచ్చారు, గదులు కూడా కోరుకున్నవారికి మరింత బాగా చేరాయి. అయినా పాత పద్ధతి ఇంకా చాలా చోట్ల నడుస్తూనే ఉంది. నా అనుమానం, వివరించడం తేలిక కాబట్టి.

మీ దగ్గర పాత పద్ధతే ఉంటే ఏం చేయాలి? ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకు రాగల గదుల్లో అధమమైనది వస్తే భరించగలనా? భరించలేనంటే ఉన్నచోటే ఉండండి. ఎంపిక అయ్యాక గదుల మార్పిడికి గడువు ఇస్తారేమో కనుక్కోండి. రాధ, గీతల గోడు తీరేది అక్కడే.

(తెర మీద: నాలుగు కుర్చీలు, మధ్యలో ఒక బల్ల. ఒక కుర్చీ ఖాళీ.)

ఇక స్నేహితుల విషయం. అంకెలు, నియమాలు ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు.

నలుగురు కలిసి ఒక పెద్ద గది తీసుకోవాలనుకున్నారు. సంఖ్యలు 15, 340, 360, 401. జట్టులో అందరికన్నా మంచి సంఖ్యనే లెక్కిస్తారా? అయితే నలుగురూ 15వ వంతులో వెళతారు. 15 వచ్చిన మనిషి ఆ వారం రోజులూ పెళ్లికొడుకే, పలకరించనివాళ్లు ఉండరు. సగటు తీస్తారా? అప్పుడు జట్టు సంఖ్య 279. అంటే 15 వచ్చిన మనిషి స్నేహం కోసం ఎంత దిగివస్తున్నాడో అందరికీ తెలియాలి, ముందు అతనికే తెలియాలి. జట్లు ఉన్నచోట ఇందాకటి 37 గదుల లెక్క కూడా పనిచేయదు. మీ ముందున్న ఒక్కొక్కరూ ముగ్గుర్ని వెంటబెట్టుకుని రావచ్చు.

జట్టు చివరి రోజున విడిపోవడం మామూలే. నలుగురి గదికి నలుగురూ ఉండాలి, ముగ్గురుంటే ఆ గది ఇవ్వరు. అందుకే "ఒకరు తప్పుకుంటే ఏం చేద్దాం" అన్నది ముందే మాట్లాడుకోవాలి. దాన్ని అపశకునంలా చూడకండి.

అసలు అందరూ తృప్తిపడేలా జతలు కట్టడం అన్నిసార్లూ సాధ్యమేనా? కాదు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ ఒక చిన్న ఉదాహరణతో దీన్ని చూపించారు. నలుగురు, ఇద్దరేసి ఉండే రెండు గదులు. రాధకు గీతతో ఉండాలని, గీతకు లతతో, లతకు రాధతో. సీత ముగ్గురికీ ఆఖరి కోరికే. రాధ, సీత ఒక గదిలో, గీత, లత ఇంకో గదిలో ఉన్నారనుకోండి. లతకు గీత కన్నా రాధే ఇష్టం. రాధకు సీత కన్నా ఎవరైనా ఇష్టమే. ఇద్దరూ కూడబలుక్కుని లేచిపోతారు. ఇప్పుడు గీతకు సీత మిగిలింది. గీత ఊరుకుంటుందా? ముందే తనను కోరుకున్న రాధ దగ్గరకు వెళుతుంది. ఎలా జత కట్టినా ఒక జంట లేచిపోతూనే ఉంటుంది. 1985లో రాబర్ట్ ఇర్వింగ్, నిలబడే జతలు ఉంటే కనిపెట్టే, లేకపోతే లేవని తేల్చే పద్ధతి ఒకటి రాశారు. కాబట్టి మీ స్నేహబృందంలో ఈ గొడవ వస్తే, ఎవరి మనసు మంచిది కాదో వెతకకండి. కోరికల అల్లికే అలా ఉండవచ్చు.

మొహమాటం గురించి కూడా చెప్పాలి. ప్రాణస్నేహితులు మంచి రూమ్‌మేట్లు అవుతారన్న హామీ లేదు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు, నిజమే, కానీ ఆ ఆరు నెలలూ గడవాలి కదా. రాత్రి దీపం ఎన్నింటికి ఆర్పుతావు, ఫోను గదిలోనే మాట్లాడతావా, అలారం ఎన్నిసార్లు మోగనిస్తావు, నా వస్తువులు అడగకుండా తీసుకోవచ్చా, గది ఎవరు ఊడుస్తారు. ఈ ఐదు ప్రశ్నలూ అడగడానికి పది నిమిషాలు చాలు. అడగడానికి సిగ్గుపడి ఏడాదంతా పళ్లు కొరుక్కున్నవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ణి.

(తెర మీద: మధ్యాహ్నపు వెలుతురులో ఒక ఖాళీ గది. నెమ్మదిగా చీకటి పడుతుంది.)

గది చూడటానికి వెళ్లారా? ఎన్ని గంటలకు వెళ్లారు? నేను రెండో ఏడాది గదిని మధ్యాహ్నం రెండింటికి చూశాను. పెద్ద కిటికీ, చెట్టు నీడ, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. తీసుకున్నాను. మొదటి రోజు తెల్లవారుజామున ఐదింటికి మంచం వణకడం మొదలైంది. బల్ల మీద గాజు గ్లాసు సన్నగా గణగణలాడింది. గోడకు అవతల నీళ్ల మోటారు. రోజూ ఐదింటికి మొదలుపెడితే ముప్పావుగంట. కిటికీ చూసుకున్నాను గానీ గోడకు అవతల ఏముందో చూసుకోలేదు.

అందుకే ఇప్పుడు అందరికీ చెబుతాను, ఆ గదిలో ఉంటున్నవాళ్లను కలవండి. "గది బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "పొద్దున మీకు మెలకువ ఎలా వస్తుంది?" అని అడగండి. "ఎండాకాలం మధ్యాహ్నం గదిలోనే ఉంటారా, ఎక్కడికైనా వెళతారా?" అని అడగండి. పై కప్పు నేరుగా డాబా అయితే ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

సంతకం పెట్టే ముందు కాగితంలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి: సెలవుల్లో గది ఖాళీ చేయాలా, మధ్యలో మానుకుంటే డిపాజిట్ తిరిగి ఇస్తారా, రద్దు చేసుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడు. ఆ ఆఖరి తేదీ మీరు రద్దు చేసుకోకపోయినా మీకు పనికొస్తుంది. చదువు మానినవాళ్లు, బయట ఇల్లు చూసుకున్నవాళ్లు, వేరే చోటికి వెళ్లేవాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే గదులు వదులుతారు. వెయిటింగ్ జాబితాలో పేరుంటే ఆ వారం ఫోను దగ్గర పెట్టుకోండి.

మోటారు గదిలోంచి నేను బయటపడింది కూడా అలాగే. ఆఖరి తేదీ దాటిన రెండో రోజు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది: కింది అంతస్తులో ఒక గది ఖాళీ అయింది, కిటికీ చిన్నది, ఎదురుగా సైకిళ్ల స్టాండు, కావాలా అని. ఈసారి పొద్దున ఐదింటికి వెళ్లి, ఆ గోడకు చెవి ఆనించి చూసి, సరేనన్నాను.