వంద ఫ్యాన్లు, మూడు జవాబులు: వైబుల్ ఫంక్షన్ల గొడవ

(తెరపై మూడు అంకెలు: 5, 2, 10)

ఈ మూడు అంకెలను ఇదే వరుసలో మూడు సాఫ్ట్‌వేర్లకు ఇచ్చాను. అడిగింది ఒక్కటే: వంద సీలింగ్ ఫ్యాన్లలో ఐదేళ్లలోపు ఎన్నింటి బేరింగులు పోతాయి? గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ 22 అంది. మాట్‌ల్యాబ్ వందకు వందా పోతాయంది. పైథాన్ భాషలోని లెక్కల లైబ్రరీ సైపై ఒక్కటి కూడా పోదంది. ముగ్గురు జ్యోతిష్కులను అడిగినా ఇంత తేడా రాదేమో!

మూడూ వైబుల్ విభాజనంతోనే, అంటే వస్తువుల ఆయుష్షు ఎలా పరుచుకుంటుందో చెప్పే సూత్రంతోనే లెక్క కట్టాయి. మూడు లెక్కలూ సరైనవే. నా ఉద్దేశంలో 5 అడిగిన ఏళ్లు. పాడయ్యే తీరు చెప్పే షేప్ 2, అంటే వయసు పెరిగేకొద్దీ అరిగే వస్తువు. ఆయుష్షు ఎంత పొడవో చెప్పే స్కేల్ 10 ఏళ్లు. ఆర్‌లో షేప్ ముందు, స్కేల్ తర్వాత. మాట్‌ల్యాబ్‌లో స్కేలే ముందు. అందుకే నా ఫ్యాన్లను రెండేళ్ల సరుకుగా లెక్కగట్టి, ఐదో ఏడు వచ్చేసరికి అన్నింటినీ పాతసామాన్ల కొట్టుకు పంపేసింది.

సైపై చేసింది ఇంకా విచిత్రం. అక్కడ షేప్ తర్వాతి స్థానం 'లోక్'ది, అంటే లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పే అంకెది. నేనిచ్చిన 10ని అది పదేళ్ల వరంగా తీసుకుంది: పదేళ్లదాకా ఈ ఫ్యాన్‌కు చావు లేదు! కాబట్టి సైపైలో స్కేల్ అనే పేరు రాసి మరీ 10 ఇవ్వండి. బద్ధకించకండి.

గ్రీకు అక్షరాలను నమ్ముకుందామా అంటే, ఎక్సెల్‌లో ఆల్ఫా అంటే షేప్, బీటా అంటే స్కేల్. యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్‌లో సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఆల్ఫా, బీటా ఏటా ఇళ్లు మారే అద్దెదారులు.

ఇక నన్ను ఎక్కువగా విసిగించే పొరపాటు. ఆర్‌లోని డి-వైబుల్ ఫంక్షన్‌కు అవే అంకెలిస్తే 0.078 వస్తుంది. వెంటనే, 'ఐదో ఏట పాడయ్యే అవకాశం 7.8 శాతం' అని రాసేస్తారు. అది సంభావ్యత కాదండీ, సాంద్రత, అంటే ఏడాదికి ఇంత చొప్పున అనే లెక్క. నమ్మకపోతే ఏళ్లను నెలలు చేయండి: 60, 2, 120. ఇప్పుడు 0.0065 వస్తుంది. క్యాలెండర్ మార్చినంత మాత్రాన ఫ్యాన్ గట్టిపడిందా? మొదట్లో 22 చెప్పిన పి-వైబుల్‌తో అడగండి, ఏళ్లయినా నెలలైనా అదే 22 శాతం.

క్యు-వైబుల్ దీన్నే వెనక నుంచి అడుగుతుంది: వందలో పది ఎప్పటికి పోతాయి? 0.1 ఇస్తే 3.25 ఏళ్లు. బేరింగుల వాళ్లు ఎల్-10 అనేది ఈ పది శాతం లెక్కనే. అన్నట్టు, స్వీడన్ ఇంజినీరు వలోడి వైబుల్ 1951 నాటి వ్యాసంలో ఉక్కు బలంతో పాటు భారతీయ పత్తి పోగుల బలాన్ని, బీన్స్ గింజల వెడల్పును కూడా ఇదే సూత్రంలో ఇమిడ్చి చూపించాడు. నాకు ఉక్కు కన్నా ఆ గింజలే ఎక్కువ నచ్చాయి.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఆర్-వైబుల్ యాదృచ్ఛిక ఆయుష్షులను పుట్టిస్తుంది. పైథాన్‌లోని మరో లైబ్రరీ నమ్‌పైలో అదే పని చేసే ఫంక్షన్‌కు స్కేల్ లేదు, వచ్చినదాన్ని మీరే 10తో గుణించుకోవాలి. సైపైలో ఫిట్ చేసేటప్పుడు, అంటే మీ దగ్గరున్న ఆయుష్షుల నుంచి షేప్, స్కేల్ రాబట్టేటప్పుడు, లోక్‌ను సున్నా దగ్గర కట్టేయండి, లేకపోతే దాన్ని కూడా అంచనా వేస్తూ కూర్చుంటుంది. ఆర్‌లో అదే పనికి వాడే సర్వ్‌రెగ్ ఫంక్షన్ చూపే స్కేల్ మన స్కేల్ కాదు, మన షేప్‌కు విలోమం: అక్కడ 0.5 కనిపిస్తే షేప్ 2.

ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ముందు ఐదేళ్లు అడగకండి. స్కేల్ ఎంతో అంతే కాలం, అంటే పదేళ్లు అడగండి. షేప్ ఏదైనా జవాబు 0.632 రావాలి. 1 గానీ 0 గానీ వచ్చిందా, అంకెల వరుస మార్చి, సైపైలో అయితే స్కేల్ పేరు రాసి, మళ్లీ అడగండి.