ఘోషాసుపత్రి

శ్రోతలకు నమస్కారం.

విజయనగరంలో ఏ ఆటో ఎక్కినా "ఘోషాసుపత్రి" అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. ఊళ్ళో చాలామంది పుట్టింది అక్కడే. చిన్నప్పుడు ఆ పేరు మీద నాకో గట్టి నమ్మకం ఉండేది. లోపల నొప్పులు పడే ఆడవాళ్ళ ఘోష రోడ్డు దాకా వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టారని. అలా అనుకునేవాళ్ళు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. తప్పే గానీ, మరీ అర్థం లేని తప్పు కాదు.

అసలు మాట గోషా. పారసీ మాట, మూల అని అర్థం. ఓ మూల కూర్చుని పరాయి మగవాడి కంట పడకుండా ఉండే ఆవిడ గోషా స్త్రీ. మన నోట్లో పడి గ కాస్తా ఘ అయింది. జమీందారీ ఇళ్ళలో, కొన్ని పెద్ద కులాల లోగిళ్ళలో ఇది ఆచారం. బయటికి కదిలితే మేనాకి తెర, బండికి తెర.

మరి జబ్బు చేస్తే? డాక్టరు మగవాడాయె. తెర పక్కనుంచి చెయ్యి మాత్రం బయటికి పెడితే నాడి చూసేవారు. మణికట్టుకి దారం కట్టి, ఆ కొస పట్టుకుని నాడి చెప్పేవారని కూడా కథలుండేవి. దారం సంగతి నేను నమ్మను. జ్వరం వరకూ ఎలాగో నడుస్తుంది, బిడ్డ అడ్డం తిరిగితే? మంత్రసాని చేతిలో పని దాటిపోయాక, గుమ్మం బయట డాక్టరున్నా లోపలికి రానిచ్చేవారు కాదు.

విజయనగరం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ మద్రాసులో ఓ లాయరు గారి భార్య ఈ అవస్థలు విని కదిలిపోయింది. పేరు మేరీ షార్లీబ్. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ మొదటిసారి ఆడవాళ్ళని చేర్చుకుంటే, ఆ నలుగురిలో ఈవిడ ఒకరు. తరవాత లండన్ వెళ్ళి పెద్ద చదువు చదివి, తిరిగొచ్చి, 1885లో మద్రాసులో ఘోషా స్త్రీలకనే ఓ ఆసుపత్రి మొదలయ్యేలా చేసింది. రోగులూ ఆడవాళ్ళే, డాక్టర్లూ ఆడవాళ్ళే. అదే ఏడాది వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరు మీద దేశమంతటికీ ఓ నిధి పెట్టారు. ఆడ డాక్టర్లని, నర్సులని తయారు చెయ్యడానికి, ఆడవాళ్ళ ఆసుపత్రులకి. రాజులు, జమీందార్లు చందాలిచ్చారు. ఘోషా ఆసుపత్రి అనే మాట మనకి ఆ కాలం నుంచి వచ్చిందే. విశాఖపట్నంలోనూ ఒకటుంది.

మద్రాసు ఆసుపత్రి పూర్తి పేరులో ఘోషాతో పాటు కులం కూడా ఉండేది. కులీన స్త్రీలకు, ఘోషా స్త్రీలకు అని. నాకు ఇక్కడే మనసు ఆగుతుంది. కళ్ళంలో ధాన్యం తూర్చే ఆవిడకి, తట్టలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగే ఆవిడకి తెర ఎక్కడిది? డాక్టరు చూస్తే పరువు పోతుందన్న బెంగ ఆవిడకి లేదు, ఎందుకంటే ఆవిడ దాకా డాక్టరే రాడు.

ఇంకో సంగతి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం ముందుమాటలో గురజాడ వారు ఓ లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో రాయించిన లెక్క. మూడేళ్ళలో 1,034 శుల్కం పెళ్ళిళ్ళు. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పిల్లలు పెద్దమనుషులయ్యీ అవకముందే కాపురానికి వెళ్తారు. కటి ఎముక ఇంకా ఎదగనే ఎదగదు. పురుడు అక్కడే అడ్డం పడుతుంది.

ఘోషా ఇళ్ళలో ఎముకకి ఇంకో చేటు కూడా ఉండేది. కాశ్మీరులో పనిచేసిన కాథ్లీన్ వాన్ అనే లేడీ డాక్టరు 1928లో దీని మీద ఓ పుస్తకమే రాసింది. పరదాలో ఉండే ఆడవాళ్ళకి ఎండ తగలదు. ఎండ లేకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదు, ఎముక మెత్తబడుతుంది, కటి వంకర పోతుంది. బయట ఎండలో పని చేసుకునేవాళ్ళకి ఈ బాధ తక్కువ. అంటే పరువు కోసం కట్టిన తెరే పురిటి మంచం దగ్గర పగబట్టిందన్నమాట. డాక్టర్ని రానివ్వనిదీ అదే, డాక్టరు కావలసిన పరిస్థితి తెచ్చిందీ అదే.

మద్రాసు ఆసుపత్రికి 1948లో కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు. అయినా అక్కడి పాతవాళ్ళు ఘోషా అనే అంటారు. మన విజయనగరంలోనూ జనం నోట ఇప్పటికీ ఆ పేరే. మేనాలు పోయాయి, ఇప్పుడు కాన్పుకి 108లో వస్తున్నారు. డాక్టరు ఆడా మగా అని ఎవరూ అడగరు. బిడ్డ బరువెంత, ఆపరేషనా మామూలు కాన్పా, ఇవే మాటలు.

ఏ కాన్పుల వార్డు దగ్గరైనా ఒక్కటి మాత్రం చూస్తూంటాం. ఫ్లాస్కులో కాఫీ, సంచిలో పాత చీర ముక్కలు పట్టుకుని ఓ కుర్రాడు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఆయా వచ్చి ఆ ఫ్లాస్కు అందుకుంటుంది. "మగోళ్ళు లోపలికి రాకూడదు బాబూ, బయట కూకో" అంటుంది.

నమస్కారం.