ప్లేట్‌లెట్ల లెక్క సరే, పని సంగతేంది?

శ్రోతలందరికీ నమస్కారం. వానలు పడి డెంగ్యూ మొదలైందంటే మన వరంగల్ల ఏ ఇంట్ల చూసినా ప్లేట్‌లెట్ల ముచ్చటే, ఎన్నున్నయి, పడిపోయినయా, బొప్పాయి ఆకు రసం తాగిచ్చిండ్రా అని. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాక ఉంటే నార్మల్ అని అందరికీ నోటికొచ్చింది. కానీ ప్లేట్‌లెట్ల పని ఒకదాన్నొకటి పట్టుకొని ముద్ద కట్టి రక్తం ఆపుడు, ఉన్నయి ఆ పని చేస్తున్నయా అని మాత్రం ఎవ్వరూ అడగరు. నేను పట్నంల ల్యాబుల పనిచేస్త గనుక ఇయ్యాల ఆ సంగతే చెప్త.

నర్సంపేట దిక్కు నుంచి ఒక పాప వచ్చింది మా దగ్గరికి, తొమ్మిదేండ్లు. పండ్లు తోముకుంటే రక్తం, ముక్కులకెళ్లి రక్తం, దెబ్బ తగలకున్నా ఒంటి మీద కమిలిన మచ్చలు. మూడు సార్లు సీబీపీ అనే రక్త కణాల లెక్క పరీక్ష చేయించిండ్రు, మూడు సార్లూ ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలే, అంతా మంచిగనే ఉంది పొమ్మన్నరట. "లెక్క మంచిగుంటే మరి రక్తం ఎందుకు ఆగుతలేదు మేడం" అన్నది వాళ్లమ్మ.

ప్లేట్‌లెట్ల పని చూసేటందుకు వెనకట చెవి తమ్మెకు సన్నగ గాటు పెట్టి రక్తం ఎన్ని నిమిషాలకు ఆగుతదో చూసేటోళ్లు, 1910ల డ్యూక్ అనే డాక్టర్ చెప్పిన పద్ధతి అది, ఇప్పుడు దాన్ని పెద్దగ నమ్మరు. సన్న రంధ్రంల నుంచి రక్తం పంపి, ఆ రంధ్రం ఎంతసేపట్ల మూసుకపోతదో చూసే మిషన్ ఒకటుంది. కానీ అసలు పరీక్ష అగ్రిగోమెట్రీ, అంటే ప్లేట్‌లెట్లు ముద్ద కడ్తున్నయా అని చూసుడు, 1962ల గుస్తావ్ బోర్న్ అనే సైంటిస్టు చెప్పింది, ఇప్పటికీ దాన్నే ప్రమాణం అంటం.

రక్తం గడ్డ కట్టకుండ సిట్రేట్ ఉన్న నీలి మూత ట్యూబుల రక్తం తీసి మిషన్ల పెట్టి మెల్లగ తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు పోయి పైన పసుపచ్చటి ప్లాస్మా మిగుల్తది, పల్చటి గంజి లెక్క మసకగ ఉంటది, ఆ మసకంతా ప్లేట్‌లెట్లే. ట్యూబును వెలుతురుకు పట్టి మెల్లగ ఊపితే లోపల పొగ సుడి తిరిగినట్టు మెరుస్తది, ఇన్నేండ్లయినా అది చూస్తే నాకు సంబురమే. దాన్ని 37 డిగ్రీల వేడిల పెట్టి, చిన్న అయస్కాంతం పుల్లతోని కలుపుకుంట, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే ఏడీపీనో కొల్లాజెనో ఒక చుక్క వేస్తం. మంచి ప్లేట్‌లెట్లయితే పాలు విరిగినట్టు ముద్దలై ప్లాస్మా తేటపడ్తది, వెలుతురు ఎక్కువ దాటి పోతది, స్క్రీను మీద గీత పైకి లేస్తది.

పాప రక్తంల ఏడీపీ వేస్తే గీత కదల్లేదు. కొల్లాజెన్‌కు కదల్లేదు, ఎపినెఫ్రిన్‌కు లేదు, అరాకిడోనిక్ యాసిడ్‌కు లేదు. చివరికి రిస్టోసెటిన్ వేస్తే మాత్రం లేచింది. ఈ రిస్టోసెటిన్ ఒకప్పుడు యాంటీబయాటిక్, వాడినోళ్లకు ప్లేట్‌లెట్లు పడిపోతున్నయని మందుగ ఆపేసిండ్రు, ప్లేట్‌లెట్లను ముద్ద కట్టించే దాని గుణమే ఇప్పుడు ల్యాబుకు పనికొస్తుంది. అదొక్కటే పనిచేసి మిగతా నాలుగూ చేయలేదంటే గ్లాంజ్‌మన్ జబ్బని అనుమానం, ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కెం పుట్టుకతోనే లేదన్నట్టు. తర్వాత కణాల మీద ఆ కొక్కెం ఉందా లేదా అని చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్షల కూడ అదే తేలింది. అమ్మానాన్న ఇద్దరి నుంచీ ఆ లోపం వస్తేనే ఈ జబ్బొస్తది, మేనరికాల్ల అందుకే ఎక్కువ కనబడ్తది. అడిగితే "సొంత మేనబావే మేడం" అన్నది తల్లి, తప్పు చేసినట్టు. తప్పేం లేదమ్మా అన్న.

ఒక్క సంగతి గట్టిగ చెప్తున్న, ఈ రక్తం హన్మకొండల తీసి కొరియర్ల పంపితే పనికిరాదు, ఫ్రిజ్‌ల పెడితే ఖరాబైతది, నాలుగు గంటల్లోపల పరీక్ష అయిపోవాలె. అంటే మనిషే మిషన్ దగ్గరికి రావాలె. ఆస్పిరిన్ వేసుకుంటే వారం పది రోజుల దాక ప్లేట్‌లెట్లు సరిగ పని చేయయి, ఆ మందు వాడేటోళ్లు ముందే చెప్పాలె, కానీ గుండె కోసం వాడేటోళ్లు డాక్టర్ చెప్పకుండ మాత్రం బంద్ చేయొద్దు.

పాపకు పన్ను పీకాల్సి వస్తే ముందే ఏ మందు ఇయ్యాలె, ప్లేట్‌లెట్లు ఎప్పుడు ఎక్కించాలె అన్నది డాక్టర్లు కార్డు మీద రాసిచ్చిండ్రు, అది ఇప్పుడు బడి సంచిల ఉంటది. తర్వాత వారం వాళ్లమ్మ చిన్నోన్ని కూడ తీసుకొచ్చింది, తెల్లారగట్ల బస్సెక్కి. వానివి ఐదు గీతలూ పైకి లేచినయి.