ఎండాకు తెగులు సోకితే వరి ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం.

తెగులు కనిపించగానే ఏ మందు కొట్టాలని అడుగుతాం. మందు సంగతి అలా ఉంచి, ఆ లోపు మొక్క తనంతట తాను ఏం చేస్తోందో ఈ పూట చెప్తాను. అన్ని పంటల జోలికీ వెళ్లను. బాక్టీరియా ఎండాకు తెగులు, మనందరం తినే సాంబ మసూరి, ఈ రెండూ చాలు.

తెల్లవారుజామున వరి ఆకు కొసన, అంచుల వెంట బొట్లు నిలబడి ఉంటాయి. అదంతా మంచు అనుకుంటాం. చాలావరకు అది ఆకు అంచుల్లోని సన్నని రంధ్రాల గుండా మొక్క వదిలిన నీరే. ఆ బొట్టులో కొంత మళ్లీ ఆకులోకి పోతుంది. అందులో జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా ఉంటే నీటితోపాటు అదీ లోపలికి చేరుతుంది. గాలివానకు ఆకులు రాసుకుని చిరిగినా, నాటేముందు నారు కొసలు తుంచినా దానికి దారి దొరికినట్టే. లోపలికెళ్లి నీరు పారే నాళాల్లో పెరుగుతుంది. అందుకే ఎండడం ఆకు అంచున మొదలై అలల గీతలా కిందికి దిగుతుంది. అనుమానం ఉంటే ఎండుతున్న చోట ఆకు కోసి గాజు గ్లాసు నీళ్లలో ఉంచి చూడండి. కోసిన అంచు నుంచి పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియానే.

మనకున్నట్టు రక్తంలో తిరిగే రక్షణ కణాలు మొక్కకు లేవు. ఏ కణం కాపలా ఆ కణానిదే. కణం పైపొరలో రిసెప్టర్లనే ప్రొటీన్లు ఉంటాయి. బాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రొటీన్‌లో 22 అమైనో ఆమ్లాల ముక్క తగిలితే చాలు, మొక్క గుర్తుపడుతుంది. నిమిషాల్లో కణంలోకి కాల్షియం వస్తుంది, ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు పుడతాయి, తర్వాత కణం గోడ గట్టిపడుతుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే, ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో ఇంకోటి తేలింది. బాక్టీరియాను పసిగట్టగానే ఆకులోని పత్రరంధ్రాలు మూసుకుంటాయి. సూడోమోనాస్ అనే బాక్టీరియా ఊరుకుంటుందా? కొరోనటిన్ అనే విషాన్ని వదిలి వాటిని మళ్లీ తెరిపిస్తుంది. ఈ సంగతి 2006లో బయటపడింది.

మన హైదరాబాద్‌లో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీలో రమేశ్ సొంటి అనే శాస్త్రవేత్త బృందం వరి మీద చేసిన పని నాకు మరీ ఇష్టం. జాంథోమోనాస్ కణం గోడను కరిగించే ఎంజైములు వదులుతుంది. గోడ దెబ్బతింటున్న సంగతి పసిగట్టి వరి ఎదురుతిరుగుతుంది. అంటే బాక్టీరియా బతకడానికి చేసే పనే దాన్ని పట్టిస్తోంది. అందుకని అది సన్నని సూదిలాంటి గొట్టంతో తన ప్రొటీన్లను నేరుగా కణంలోకి ఎక్కించి, ఆ ఎదురుదాడిని అణిచేస్తుంది.

అణచడంతో ఆగదు. ఆ ప్రొటీన్లలో కొన్ని వరి డీఎన్‌ఏ మీదే కూర్చుని, చక్కెరను కణం బయటికి పంపే జన్యువును ఆన్ చేస్తాయి. ఇంట్లో దూరిన దొంగ ఇంటివాళ్ల చేతే వడ్డించుకున్నట్టు! కొన్ని వరి రకాల్లో ఆ ప్రొటీన్ కూర్చునే చోటు మారిపోయి ఉంటుంది. జన్యువుకున్న ఆ మారిన రూపాన్నే ఎక్స్‌ఏ13 అంటారు. జన్యువునే పూర్తిగా పనిచేయకుండా చేస్తే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు మిగులుతాయి. ఎక్స్‌ఏ13లో జన్యువు బాగానే ఉంది, బాక్టీరియా చెయ్యి పెట్టే చోటు మాత్రమే మారింది. ఎక్స్‌ఏ5 కూడా ఇలాంటిదే. బాక్టీరియా తన పనికి వాడుకునే వరి ప్రొటీన్‌లో చిన్న మార్పు, అంతే.

ఎక్స్‌ఏ21 తీరు వేరు. అది నిజమైన రిసెప్టర్. ఆఫ్రికాలోని మాలి నుంచి వచ్చిన అడవి వరిలో దొరికింది. జన్యువును 1995లో వేరుచేశారు గానీ, అది బాక్టీరియాలో దేన్ని గుర్తుపడుతుందో తేలడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది. నారు దశలో దాని బలం తక్కువ, మొక్క ముదిరేకొద్దీ పెరుగుతుంది.

బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, ఈ తెగులుకు ఇట్టే లొంగిపోతుంది. సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఈ మూడు జన్యువులనూ మామూలు సంకరంతోనే, డీఎన్‌ఏ పరీక్షల సాయంతో దాంట్లోకి తెచ్చాయి. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదలైంది. జన్యుమార్పిడి (జీఎం) పంట కాదు, ఆ టెన్షన్ అక్కర్లేదు. ఒక్క జన్యువే ఉంటే దాన్ని దాటే బాక్టీరియా రకం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం.

మామూలు బీపీటీయే వేసినవాళ్లు తెగులు కనిపిస్తే యూరియా పైపాటు ఆపండి, ఆ మడి నీళ్లు పక్క మడిలోకి పోనివ్వకండి. కొత్త రకం కొనేవాళ్లకు ఒక మాట. ఈ మూడు జన్యువులూ ఎండాకు తెగులుకే, అగ్గితెగులుకు, దోమకు పనిచేయవు. షాపతను 'దీనికి తెగుళ్లు రావు' అంటే, ఏ తెగులని అడిగి మరీ కొనండి.