తలకోన ఏటి వెంట పిల్లలతో నడక

నమస్కారం. శేషాచలం కొండలను వేసవిలో దూరం నుంచి చూసినవారికి బండలూ ముళ్లపొదలూ తప్ప మరేమీ కనిపించవు. అయితే ఆ ఎండు కొండల మడతల్లో చెట్ల నీడన ఏళ్లు పారుతుంటాయి, అలాంటి చోటునే మన ప్రాంతంలో కోన అంటాము. తిరుపతికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, భాకరాపేట మీదుగా చేరుకునే తలకోనలో, పిల్లలనూ పెద్దవారినీ వెంటబెట్టుకొని ఏటి పక్కన ఎలా నడవాలో ఈ వీడియోలో వివరిస్తాను.

ముందుగా కాలం సంగతి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిపించే వాన కొండరాతి పగుళ్లలోకి ఇంకి, ఆ తరువాత ఊటలుగా మెల్లగా బయటికి వస్తుంది. అందువల్ల జోరు తగ్గి, నీరు తేటగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలే కుటుంబ నడకకు అనువైనవని నా అభిప్రాయం. వాన సూచన ఉన్న రోజున ప్రయాణం మానుకోండి.

ఇప్పుడు తెరపై కనిపిస్తున్న రెండు రాళ్లను గమనించండి. తెల్లగా ఆరి ఉన్న రాయి మీద కాలు నిలుస్తుంది. నల్లగా, తడిగా ఉన్న రాయి మీద పాచి ఉంటుంది, అది ఎంత వెడల్పుగా ఉన్నా నమ్మకూడదు. చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఏరు దాటవలసి వస్తే ఇరుకైన చోటు దగ్గరి దారిలా కనిపిస్తుంది గానీ, నీరు లోతుగానూ వడిగానూ పోయేది అక్కడే. వెడల్పుగా పరచుకొని, అడుగున గులకరాళ్లు కనిపించే చోటనే దాటాలి. పిల్లల మోకాలు దాటే నీటిలోకి అసలు దిగవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీటి రంగు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, పైకొండలో వాన పడితే ఏరు ఉన్నట్టుండి పొంగుతుంది. ఒకసారి మా పిల్లలు అడుగున రాళ్లు లెక్కపెడుతున్న నీరే చూస్తుండగా ఎర్రబారి, దాని మీద ఆకులూ పుల్లలూ కొట్టుకురావడంతో, సామాను అక్కడే వదిలి గట్టెక్కాము. కాసేపటికి మేము కూర్చున్న బండ మునిగిపోయింది. నీరు మసకబారినా, పైనుంచి హోరు వినిపించినా, ఏటి వెంబడి కిందికి పరుగెత్తకుండా పక్కనున్న ఎత్తు మీదికి ఎక్కండి, నీరు తగ్గేదాకా తిరిగి దాటవద్దు.

నడకను చిన్నవాళ్ల అడుగులకు తగ్గట్టు ఉంచండి. చెట్లను చుట్టుకొని పైకి పాకిన గిల్లతీగ బారెడు కాయలను చూసి పిల్లలు ఆగిపోతారు, ఆగనివ్వండి. ఇది 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలోని అడవి, ఇక్కడ ఎర్రచందనం చెట్లున్నాయి. కిందపడిన పుల్లనైనా ఇంటికి తేకూడదు. పులిహోర, పెరుగన్నం డబ్బాలను సంచిలోనే ఉంచండి, చేతిలో పట్టుకుంటే కోతులు వదలవు. తాగునీరు ఇంటి నుంచే తెచ్చుకోండి.

సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతాన్ని దూరం నుంచి చూస్తేనే కడుపు నిండుతుంది. దాని కింది గుండంలోకి పిల్లలను దించవద్దు, లోతు కంటికి తెలియదు, పైనుంచి రాళ్లు కూడా జారవచ్చు. జలపాతం దాకా చేరకపోయినా సరే, మధ్యాహ్నం రెండు గంటలకు వెనుదిరగండి. కోనలో చెట్ల కింద చీకటి తొందరగా పడుతుంది.